చైనా ఫోన్ నుంచి డ్రోన్ దాకా: షెన్‌జెన్ ఎలా ఎదిగింది?

2008, 2009 టైంలో మన ఊళ్లలో "చైనా ఫోన్" అని ఒకటి తిరిగేది. మీరప్పుడు చిన్నపిల్లలైతే ఇంట్లో బాబాయినో మావయ్యనో అడగండి. రెండు సిమ్‌లు, చెవులు చిల్లులు పడే స్పీకర్లు, పైన టార్చిలైటు. బిల్లుండదు, గ్యారంటీ ఉండదు. సరైన ఐఎంఈఐ నంబర్ లేని ఫోన్లకి 2009 చివర్లో మన ప్రభుత్వం సర్వీసే ఆపించేసింది. మనం నవ్వుకున్న ఆ ఫోన్ల వెనకే ఇవాళ్టి కథ ఉంది.

అవి ఎక్కువగా వచ్చింది షెన్‌జెన్ నుంచి. హాంకాంగ్‌ని ఆనుకుని ఉంటుంది. "చేపల పల్లె మహానగరం అయిపోయింది" అని చాలామంది చెప్తుంటారు గానీ, అది కొంచెం సినిమా కథ. అప్పటికే అక్కడ సంత ఉంది, రైల్వే స్టేషన్ ఉంది, చుట్టుపక్కల లక్షల్లో జనం ఉన్నారు. 1980లో చైనా దాన్ని ప్రత్యేక ఆర్థిక మండలి చేసింది. భూమి, కూలీలు ఇక్కడివి. పెట్టుబడి, ఆర్డర్లు చాలావరకు హాంకాంగ్‌వి. మొదట్లో బొమ్మలు, బట్టలు, చిన్న చిన్న ఎలక్ట్రానిక్ వస్తువులు చేశారు. 1988లో ఫాక్స్‌కాన్ వచ్చింది.

అదే 1988లో హువాచియాంగ్‌బే అనే పేటలో ఎలక్ట్రానిక్ విడిభాగాల మార్కెట్ తెరిచారు. నన్నడిగితే అసలు మలుపు ఇదే. మన కూరగాయల మార్కెట్‌లో బండ్లున్నట్టు అక్కడ కౌంటర్లుంటాయి. ఒకడు స్విచ్‌లే అమ్ముతాడు, ఇంకొకడు కెపాసిటర్లే. చాలా కౌంటర్ల వెనక ఊరి బయట ఒక ఫ్యాక్టరీ ఉంటుంది. పొద్దున ఐడియా వస్తే సాయంత్రానికి పార్టులన్నీ చేతికొస్తాయి. పార్టు సరిపోలేదా? రేపొచ్చి ఇంకోటి కొనుక్కో. వేరే దేశంలో ఇంజినీరు అదే పార్టు కోసం వారాలు ఎదురుచూడాలి.

2000ల మధ్యలో తైవాన్ కంపెనీ మీడియాటెక్ ఇంకో పని చేసింది. ఫోన్‌కి కావలసిన చిప్‌ని, సాఫ్ట్‌వేర్‌ని, డిజైన్‌ని కలిపి ఒక ప్యాకేజీలా అమ్మింది. 2007లో చైనా మొబైల్ తయారీకి లైసెన్స్ నిబంధన ఎత్తేసింది. ఇంకేముంది, రెడీమేడ్ బోర్డు కొని, నచ్చిన డబ్బాలో బిగించి, ఎవరికి వారే ఫోన్ కంపెనీ అయిపోయారు. వీటికి "షాన్‌జాయ్" అని పేరు, అంటే కొండల్లో దొంగల స్థావరం అని. పేరుకు తగ్గట్టే నోకియాల్ని, ఐఫోన్లని నిస్సిగ్గుగా కాపీ కొట్టారు. అది దొంగతనమే, నేను వెనకేసుకు రావట్లేదు. కానీ పెద్ద కంపెనీలు అప్పటికి పెద్దగా పట్టించుకోని రెండు సిమ్‌ల అవసరాన్ని పట్టుకున్నది కూడా వీళ్లే.

స్మార్ట్‌ఫోన్లు వచ్చాక ఆ బ్రాండ్లు చాలావరకు పోయాయి. పని నేర్చుకున్న చేతులు మాత్రం ఊళ్లోనే ఉన్నాయి. హాంకాంగ్‌లో చదువుకున్న ఫ్రాంక్ వాంగ్ 2006లో డీజేఐ పెట్టింది షెన్‌జెన్‌లోనే. డ్రోన్ అంటే ఏంటి? బ్యాటరీ, కెమెరా, జీపీఎస్, సెన్సర్లు, మోటార్లు. మోటార్లు తప్ప మిగతావన్నీ ఫోన్లో ఉండేవే! 1995లో మొదలైన బీవైడీ సెల్‌ఫోన్ బ్యాటరీలతో ఎదిగి, ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్లు చేస్తోంది.

ఇదంతా ఊరికే రాలేదు. పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లు, అమ్మాయిలు హాస్టళ్లలో ఉంటూ, రోజంతా ఒకే స్క్రూ బిగిస్తూ గడిపారు. 2010లో ఫాక్స్‌కాన్ కార్మికులు ఒకరి తర్వాత ఒకరు ఆత్మహత్యలు చేసుకుంటే, కంపెనీ బిల్డింగుల చుట్టూ వలలు కట్టింది. పైగా ఆ ఊరి రిజిస్ట్రేషన్ లేకపోతే పిల్లల్ని బడిలో చేర్చడం కూడా కష్టమే. విజయగాథల్లో ఈ భాగాన్ని గబగబా దాటేస్తారు.

మరి మన సంగతి? 2015లో శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ షావోమీ ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. 2023లో హైదరాబాద్‌లో టీ-వర్క్స్ తెరిచారు, నమూనా తయారుచేసుకోవడానికి మెషీన్లు అక్కడ దొరుకుతాయి. రెండూ మంచివే. కానీ బిగించే లైనుకి, నమూనా చేసే గదికి మధ్య ఉండాల్సిన విడిభాగాల సంత మనకింకా లేదు. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో చచ్చిపోయిన ఫోన్‌కి ప్రాణం పోసే కుర్రాళ్లున్నారు. వాళ్లలో ఒకడు సొంత బోర్డు చేద్దామనుకున్నాడనుకోండి, చాలా పార్టులు చైనా నుంచే తెప్పించుకోవాలి.

శ్రీసిటీలో పనిచేసేవాళ్లు ఎవరైనా ఈ ఎపిసోడ్ చూస్తుంటే, మీ లైన్‌కి ఏ పార్టు ఎక్కడి నుంచి వస్తుందో కింద రాయండి. ఉంటాను.