అక్షరాల టైరు, దాని చుట్టాలు

1908లో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ ఒక కారు టైరు అమ్మకానికి పెట్టింది. పేరు ‘నాన్ స్కిడ్’. జారదు అని చెప్పుకునే సరుకు అప్పటికే బజారులో కొంత ఉంది. దీని విడ్డూరం వేరు. రోడ్డుకు ఆనే భాగం మీద గళ్లూ గీతలూ లేవు, అక్షరాలున్నాయి. ‘ఫైర్‌స్టోన్ నాన్ స్కిడ్’ అని బొద్దుగా, ఏటవాలుగా, టైరు చుట్టూతా. రోడ్డును పట్టుకోవలసింది ఆ అక్షరాల అంచులే. తడిమట్టి మీద బండి వెళ్తే వెనకాల కంపెనీ పేరు మైళ్ల పొడవునా అచ్చు పడుతూ పోయేది. జనం తమ పెట్రోలు తామే పోసుకుని ఊరూరా వేసి పెట్టిన ప్రకటన అది.

ఇది ఉత్త ప్రచారపు ఎత్తు అనుకుంటే పొరపాటు. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో నిలువు గీతలున్నాయి, అడ్డగీతలున్నాయి, ‘ఎన్’, ‘కె’ల్లో ఏటవాలు గీతలున్నాయి. బ్రేకు తొక్కితే అడ్డంగా ఉన్న అంచులు ఎదురొడ్డుతాయి, బండి పక్కకు జారబోతే నిలువు అంచులు. అక్షరానికీ అక్షరానికీ నడుమ ఖాళీలోకి నీళ్లు, బురద సర్దుకుంటాయి. ఆ లెక్కన మన గుండ్రటి లిపితో అచ్చు పోసి ఉంటే ఇంకా బాగుండేదేమో. ‘ఠ’ ఎటు జారినా ఒక అంచు అడ్డం పడుతుంది!

అసలు టైరు మీద ఏదో ఒకటి చెక్కాలన్న ఆలోచన రావడానికే చాలా కాలం పట్టింది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో వేడిచేసి, ఎండకు కరగని, చలికి పగలని సరుకుగా మార్చాడు. 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండు కుర్రాడు గాలి నింపిన చక్రానికి పేటెంటు తెచ్చుకున్నాడు. లోపల రబ్బరు పూసిన గుడ్డ గొట్టం, పైన తోలు తొడుగు. గుర్రపు బగ్గీలకు తొడిగి చూశారు, బాగానే నడిచింది, తర్వాత అందరూ మరిచిపోయారు. 1888లో బెల్ఫాస్టులో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం అదే పని మళ్లీ మొదటి నుంచీ చేశాడు. ఇవన్నీ నున్నటి టైర్లే. దుమ్మూ కంకరా ఉన్న దారిలో నునుపు పెద్ద లోపం కాదు, ఎందుకంటే రాళ్లే రబ్బరులోకి గుచ్చుకుని పట్టు ఇచ్చేవి.

చిక్కు వచ్చింది నగరాల్లో. లండనులో చాలా వీధులకు చెక్కదిమ్మలు పరిచారు, కొన్నింటికి తారు వేశారు. వాటి మీద వేలాది గుర్రాల పేడ. పైన సన్నటి తుంపర. పెద్దవాన అయితే కడుక్కుపోతుంది, తుంపర మాత్రం దాన్ని నూనెలా పలచగా పరుస్తుంది. ఆ వీధిలో మలుపు తిరగబోయిన కారు వెనకభాగం పక్కకు కొట్టుకుపోయేది. దానికి ఆనాటి డ్రైవర్లు పెట్టిన పేరు ‘సైడ్‌స్లిప్’.

ఇక్కడి నుంచి ఓ పదేళ్లు నాకు మహా ఇష్టమైన కాలం. ఎవరికీ ఏమీ తెలియదు, అందరూ అన్నీ చేసి చూస్తున్నారు. 1904 ఒక్క ఏడాదినే తీసుకోండి. జర్మనీలో కాంటినెంటల్ కంపెనీ గీతలున్న కారు టైరు తెచ్చింది. ప్రపంచంలో అదే మొదటిదని ఆ కంపెనీ ఇప్పటికీ చెప్పుకుంటుంది. అదే ఏడు న్యూయార్క్ రాష్ట్రంలో కానస్టోటా అనే చిన్న ఊళ్లో హ్యారీ వీడ్ టైరుకు చుట్టే ఇనుప గొలుసులకు పేటెంటు తీసుకున్నాడు. బురదలో దిగబడిన కార్ల చక్రాలకు జనం తాళ్లు, తీగలు చుట్టుకోవడం చూసి అతనికి ఆ ఊహ వచ్చిందంటారు. మంచు దేశాల్లో ఆ గొలుసులు ఈనాటికీ వాడుకలోనే ఉన్నాయి.

ఆ ఏడాదే షెర్లాక్ హోమ్స్ కథల్లో ‘ప్రయరీ స్కూల్’ అచ్చయింది. అందులో తప్పిపోయిన పిల్లవాడి కోసం బురదనేలలో వెతుకుతూ హోమ్స్ సైకిలు జాడలు చూస్తాడు. తనకు 42 రకాల టైరు గుర్తులు తెలుసనీ, ఇది మాసిక వేసిన డన్‌లప్ జాడ అనీ చెప్తాడు. మనకు కావలసిన సైకిలు ఇది కాదు, దానికి పామర్ టైర్లున్నాయి, అవి నిలువు చారలు వదుల్తాయి అంటాడు. కారు టైర్లు ఇంకా నున్నగా తిరుగుతున్న రోజుల్లో సైకిలు టైర్లకు అప్పటికే గుర్తుపట్టగల ముఖాలున్నాయన్న మాట. కథలో అదే జాడ చూసి సైకిలు ఏ దిక్కుకు వెళ్లిందో తేల్చిన పద్ధతి సరైంది కాదని పాఠకులు తర్వాత చాలా వాదించారు. ఆ గొడవలోకి నేను దిగను.

1905లో మిషలిన్ వాళ్లు ‘సెమెల్’ అనే టైరు తెచ్చారు. రబ్బరు మీద తోలు అట్ట, ఆ తోలు నిండా ఉక్కు మేకులు. థామ్సన్ తోలు తొడుగు అరవై ఏళ్ల తర్వాత బూటు తొడుక్కుని తిరిగొచ్చింది. తడి చెక్కదిమ్మల మీద మేకులు బాగా కరిచేవి. వేగంగా పోతే మాత్రం తోలు వేడెక్కి చెడేది, మేకులు వీధిని గీరిపారేసేవి.

1908లో ఫైర్‌స్టోన్ అక్షరాల పక్కనే గుడ్‌ఇయర్ కంపెనీ వజ్రాకారపు గళ్లతో ‘ఆల్ వెదర్’ టైరు దించింది. ఆ తర్వాత పెన్సిల్వేనియా రబ్బర్ కంపెనీ ‘వాక్యూమ్ కప్’ వచ్చింది. దాని ఒంటి నిండా గుండ్రటి చిన్న గిన్నెలు. తడి రోడ్డుకు అవి పీల్చుకుని అతుక్కుంటాయని ధీమా. తడిసి జారుడుగా ఉన్న రోడ్డు మీద జారితే టైరు వెనక్కి తీసుకుంటామని పత్రికల్లో హామీ వేశారు. ఇవాళ్టి వారంటీ కాగితాల్లో పంక్చరు గురించీ తయారీ లోపం గురించీ చదివాను గాని, జారితే డబ్బు వాపసు అనే వాక్యం నాకు ఎక్కడా ఎదురుపడలేదు.

ఆ కాలంతో పోయిందేమిటంటే, చూస్తే అర్థమయ్యే టైరు. అక్షరాలు, వజ్రాలు, గిన్నెలు: దూరం నుంచే ఎవరి సరుకో చెప్పొచ్చు, ఏ ఉపాయం మీద నమ్మకం పెట్టుకున్నారో కూడా చెప్పొచ్చు. నేటి టైరు పనిలో వాటికంటే ఎన్నో రెట్లు మెరుగు, ఒప్పుకుంటాను. కాని షాపులో వరసగా పేర్చిన పది టైర్లను పక్కన పేరు చదవకుండా వేరుచేయమంటే నా వల్ల కాదు. అన్నిటి మీదా అవే మూడు నాలుగు నిలువు గాడులు, అవే వంకర కోతలు.

ఆ సన్నటి కోతల కథ మరీ చిత్రం. వాటిని ‘సైప్’లు అంటారు, జాన్ సైప్ అనే అమెరికన్ పేరు మీదుగా. 1923లో పేటెంటు అతనిది. పశువుల్ని కోసే కబేళాలో పనిచేసేవాడనీ, నెత్తురూ నీళ్లూ నిండిన గచ్చు మీద జారీ జారీ విసుగొచ్చి బూటు అడుగున కత్తితో సన్నగా కోతలు పెట్టుకున్నాడనీ ఒక కథ. కాదు, ఓడ మీద పనివాడు, తడిసిన డెక్కు మీద జారకుండా చేసుకున్నాడని ఇంకో కథ. ఏది నిజమైనా ఉపాయం ఒకటే. రబ్బరు ఒత్తుకున్నప్పుడు కోతలు కాస్త విచ్చుకుంటాయి, ప్రతి కోతకూ రెండు కొత్త అంచులు పుడతాయి, ఆ అంచులు పలచటి నీటి పొరను తుడిచేస్తాయి. అప్పటి రబ్బరు ఇన్ని కోతలకు ఓర్చుకోలేక తెగిపోయేది గనుక గాలి టైర్లలో ఈ పద్ధతి విరివిగా వచ్చింది 1950ల్లోనే. దీనికి చెప్పుల లోకంలో ఒక తమ్ముడున్నాడు. పాల్ స్పెరీ అనే పడవల పిచ్చివాడు తన కుక్క మంచు మీద జారకుండా పరిగెత్తడం చూసి, దాని పాదాల అడుగున ఉన్న పగుళ్లను రబ్బరు అట్ట మీద కత్తితో గీసి, 1935లో డెక్కు మీద జారని బూట్లు అమ్మడం మొదలుపెట్టాడు.

ముప్పైల నుంచి రెండో ప్రపంచయుద్ధం దాకా నేను గబగబా దాటేస్తాను. యుద్ధం అయ్యాక ఇంగ్లండులో డన్‌లప్ ఇంజనీరు ఎరిక్ గాఫ్ టైరును ఎటు కావాలంటే అటు వంచి, తోసి, మెలిపెట్టి పరీక్షించేందుకు ఆరు కాళ్ల యంత్రం ఒకటి కట్టాడు. 1950ల నడుమ అది పనిలోకి దిగింది. కాళ్ల పొడవు మారుస్తూ బల్లను ఆరు విధాలా కదపగలదు. పైలట్లకు శిక్షణ ఇచ్చే నకిలీ విమానపు గది ఇవాళ ఊగేది ఇలాంటి ఆరు కాళ్ల మీదే.

విమానాల మాట వచ్చింది కాబట్టి అమెరికాలోని లాంగ్లీ పరిశోధన కేంద్రానికి వెళ్దాం. అక్కడ విమానచక్రాలను పరీక్షించే పట్టా ఉండేది. బరువైన బండిని నీటిధారతో వెనక నుంచి కొట్టి వేగం పుట్టించేవారు. 1957 ప్రాంతంలో ఒక టైరు ప్రయోగంలో వింత కనబడింది. బ్రేకు వేయకుండానే, తడి మీద దొర్లుతున్న చక్రం నెమ్మదించి ఆగిపోయింది. వాల్టర్ హార్న్, రాబర్ట్ డ్రెయర్ దీని వెంటపడి 1963లో నివేదిక రాశారు. వేగం పెరిగేకొద్దీ టైరు ముందు నీళ్లు తప్పుకునే వ్యవధి తగ్గుతుంది, టైరు కింద చేరిన నీటి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి టైరులోని గాలి ఒత్తిడికి సమానం కాగానే చక్రం నేల వదిలి తేలుతుంది, చెరువు మీదికి ఏటవాలుగా విసిరిన పెంకు మునగకుండా పోయినట్టు. అప్పుడు స్టీరింగు తిప్పినా బ్రేకు తొక్కినా ఫలితం ఉండదు.

అరిగిన టైరుకు, లేదా గాడుల లోతును మించి నీళ్లు నిలిచిన రోడ్డుకు, వాళ్లు ఇచ్చిన లెక్క ఎంత సులువంటే అనుమానం వస్తుంది. టైరులో గాలి ఎన్ని పౌండ్లో దానికి వర్గమూలం తీసి 10.35తో హెచ్చవేస్తే తేలే వేగం గంటకు ఇన్ని మైళ్లని వస్తుంది. ఇందులో బండి బరువు నేరుగా ఎక్కడా కనబడదు! బరువెక్కువైతే టైరు ఇంకా పరుచుకుని నేల మీద ఆనే చోటు పెరుగుతుంది, గాలి ఒత్తిడి మాత్రం దాదాపు అంతే ఉంటుంది. రన్‌వేల మీద అడ్డంగా గాడులు కోయడం బ్రిటనులో 1956 నాటికే మొదలైంది. అమెరికాలో 1967లో వాషింగ్టన్ నేషనల్ విమానాశ్రయం చేయించుకుంది. టైరు మీద చెక్కిన దాన్నే చివరికి రోడ్డు మీదా చెక్కారు.

గాడులు నీళ్లు తోడేశాక మిగిలే పని రబ్బరుది. కేంబ్రిడ్జిలో డేవిడ్ టేబర్ 1950ల్లో చూపించింది ఇదే: నూనె రాసినంత నున్నటి తడిలో రబ్బరు అతుక్కోలేదు, రోడ్డు రాళ్ల గరుకు మీద నొక్కుకుంటూ లేస్తూ పోతుంది. నొక్కుడు పడ్డాక చటుక్కున లేచే రబ్బరు ఆ శక్తిని తిరిగి ఇచ్చేస్తుంది. బద్ధకంగా లేచేది లోపలే వేడిగా మింగేస్తుంది, ఆ మింగిందే మనకు పట్టు. అందుకే బాగా ఎగిరే బంతిలాంటి రబ్బరు వానలో పనికిరాదు. బద్ధకపు రబ్బరు పెట్రోలు ఎక్కువ తాగుతుందన్న బాధ చాలా ఏళ్లు వెంటాడింది. 1992లో మిషలిన్ టైరులో మసికి బదులు చాలా మటుకు సిలికా కలిపి పట్టునూ పెట్రోలు పొదుపునూ కొంత రాజీ చేసింది.

మన దగ్గర ఈ చరిత్ర మొత్తం టైరు షాపులో ఒక మాటలో వినబడుతుంది: “బటన్ ఎంతుంది?” గాడులూ గళ్లూ అన్నీ కలిపి బటన్. అరిగితే రీబటన్ చేయిస్తారు, లారీలకూ బస్సులకూ అది మామూలు పని, సరిగా చేస్తే తప్పూ కాదు. తప్పు ఇంకొకటి ఉంది. నున్నబడ్డ టైరును వేడి కత్తితో కోసి లోతు గాడులు తెచ్చి సెకండ్‌హ్యాండులో అమ్మడం. చూపుకు బటన్ ఉంటుంది, దాని కింద రబ్బరు కాగితమంత. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 94వది కారుకు కనీసం 1.6 మిల్లీమీటర్ల లోతు ఉండాలంటుంది. కొత్త కారు టైరుకు సుమారు 8 మిల్లీమీటర్లుంటాయి. మృగశిర కార్తె తొలి జల్లు పడేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. ఎండాకాలమంతా రోడ్డు మీద చేరిన నూనె, రబ్బరు పొడి, దుమ్ము ఆ మొదటి పావుగంట తడిలో కలిసి పైకి తేలతాయి. పాత లండను పేడ తుంపరకు ఇది మన వరస.

వానాకాలం రాగానే పట్టు పెరుగుతుందని టైర్లలో గాలి తగ్గించుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఇసుకలోనూ బురదలోనూ అది పనిచేస్తుంది. నీళ్లు నిలిచిన హైవే మీద హార్న్ లెక్క వేరే. అరిగిన టైరులో 32 పౌండ్ల గాలి ఉంటే తేలే వేగం గంటకు దాదాపు 94 కిలోమీటర్లు, 24కి దింపితే 82.