మొదటి రోజుకు ముందు

కలికిరిలో మా వీధి మలుపులో బాడుగ సైకిళ్ళ అంగడి ఒకటుండేది. తొంభైల చివర్లో గంటకు రెండు రూపాయలు. అన్నీ మగవాళ్ళ సైకిళ్ళే. సీటు అందదు కాబట్టి కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒళ్ళంతా ఒక పక్కకు వంచి తొక్కేదాన్ని. పీలేరు నుంచి మదనపల్లెకు పోయే రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది. ఒక ఆదివారం ఆ రోడ్డెక్కి వాయల్పాడు వైపు ఊరు దాటి చాలా దూరం పోయాను. తిరిగొచ్చేసరికి గంట దాటిపోయిందని అంగడాయన తిట్టాడు. నాకా తిట్లు చెవికెక్కనే లేదు. మరుసటేడు నేను పెద్దమనిషినయ్యాను. "ఇంక చాల్లే మే, పెద్దపిల్లవైతివి" అంది అవ్వ. అమ్మ ఏమీ అనలేదు. నా సైకిల్ చరిత్ర అక్కడితో సరి.

చాలా ఏళ్ళ తర్వాత, స్త్రీల యాత్రా రచనల మీద పరిశోధన చేస్తున్నప్పుడు డెర్వ్లా మర్ఫీ నా చేతికొచ్చింది. ఐర్లండ్‌లోని లిస్మోర్ అనే చిన్న ఊరి మనిషి. 1963 జనవరి 14న ఫ్రాన్స్‌లోని డన్‌కర్క్ రేవు నుంచి ఒంటరిగా సైకిల్ మీద ఢిల్లీకి బయలుదేరింది. అప్పటికామెకు 31 ఏళ్ళు. యూరప్ అంతా గడ్డకట్టుకుపోయిన చలికాలమది. సైకిల్ పేరు రోజ్, డాన్ క్విక్సోట్ గుర్రం రోసినాంతే పేరుకు ముద్దుపేరు. సామాన్లలో ఒక పిస్తోలు కూడా ఉంది. ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా ఆ ఏడాది జులైలో ఢిల్లీ చేరింది. 1965లో వచ్చిన 'ఫుల్ టిల్ట్' ఆ ప్రయాణం కథే.

ఆ పుస్తకం గురించి మాట్లాడేవాళ్ళందరూ తోడేళ్ళ గురించి, పిస్తోలు గురించి, ఆఫ్ఘన్ కొండల గురించి మాట్లాడతారు. నేను మాత్రం ఆ జనవరి 14 దగ్గరే ఆగిపోయాను. అది నిజంగా మొదటి రోజేనా?

మర్ఫీ ఆత్మకథ 'వీల్స్ వితిన్ వీల్స్' (1979) చదివాక నాకు జవాబు దొరికింది. 1941లో, పదో పుట్టినరోజుకు ఆమెకొక పాత సైకిలూ ఒక అట్లాసూ కానుకగా వచ్చాయి. కొద్దిరోజులకే లిస్మోర్ దగ్గర ఒక కొండ ఎక్కుతూ, ఇలా తొక్కుతూనే పోతే ఇండియా చేరొచ్చు కదా అనుకుంది. అనుకున్న రోజుకూ బయలుదేరిన రోజుకూ మధ్య 21 ఏళ్ళున్నాయి. ఆ 21 ఏళ్ళు ఆమె ఏం చేసింది? తల్లి కీళ్ళవాతంతో కదల్లేని మనిషి. పద్నాలుగేళ్ళకే బడి మాని ఇంటిపనీ తల్లి సేవా నెత్తికెత్తుకుంది. మధ్యలో ఇంగ్లండుకూ స్పెయిన్‌కూ చిన్న చిన్న సైకిల్ ప్రయాణాలు చేసింది, తిరిగి ఇంటికే వచ్చింది. 1961లో తండ్రి, 1962లో తల్లి పోయారు. ఆ తర్వాతి జనవరిలో ఆమె రోడ్డెక్కింది.

అంటే ఆ 'మొదటి రోజు' ఒక చావు తర్వాత వచ్చింది. ఇది చెప్పడం కష్టంగానే ఉంటుంది. మర్ఫీ తల్లిని ప్రేమించలేదని కాదు. ప్రేమతో చేసినా చాకిరీ చాకిరీయే. అది పూర్తయితే తప్ప ఆమె తలుపు తెరుచుకోలేదు. ఇదే 21 ఏళ్ళు ఒక కొడుకు ఎదురుచూసేవాడా?

ఇంకా వెనక్కి పోతే అన్నీ లండన్‌డెరీ కనిపిస్తుంది. అసలు పేరు అన్నీ కోహెన్ కొప్‌చోవ్‌స్కీ. లాత్వియాలో పుట్టి అమెరికా చేరిన యూదుల ఇంటి ఆడపిల్ల. 1894 జూన్‌లో బోస్టన్ నుంచి సైకిల్ మీద ప్రపంచయాత్రకు బయలుదేరింది. లండన్‌డెరీ అనే మంచినీళ్ళ కంపెనీ వంద డాలర్లిస్తే ఆ కంపెనీ బోర్డును సైకిల్‌కు తగిలించుకుని, ఆ పేరే తన పేరు చేసుకుంది. మొదటి రోజు ఒంటిమీద పొడుగు లంగా, కింద 42 పౌన్ల బరువున్న ఆడవాళ్ళ సైకిల్. షికాగో చేరాక రెండింటినీ వదిలేసింది. అందులో సగం బరువుండే మగవాళ్ళ సైకిల్, దాంతోబాటు నిజారు. చాలా దూరం ఓడల్లోనే పోయింది. ఇండియాలో జర్మన్ రాజవంశీకులతో పులుల వేటాడానని ఉపన్యాసాల్లో కోతలు కోసింది. ఆ అబద్ధాలను నేను వెనకేసుకురాను. కానీ ఆమె చరిత్ర రాసేవాళ్ళు ఎవరైనా తప్పకుండా అడిగే ప్రశ్న ఇంకోటుంది: ముగ్గురు చిన్నపిల్లల్ని వదిలేసి ఎలా పోయింది? ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీయాత్రకు పోయినప్పుడు ఇల్లెవరు చూసుకున్నారని ఎవరమైనా అడిగామా? మగవాడి యాత్ర మొదటి పేజీలో ఇల్లు కనపడదు. ఆడదాని యాత్రలో ఇల్లు దాటడమే మొదటి అధ్యాయం.

మన తెలుగులోనూ దూరాలు దాటినవాళ్ళున్నారు. పోతం జానకమ్మ 1870లలోనే ఇంగ్లండు చూసొచ్చి తెలుగులో రాసుకుంది. దాని ఇంగ్లీషు అనువాదం 1876లో మద్రాసులో అచ్చయింది. ఇంగ్లీషులో ఉన్నందుకే మిగిలిందేమో అనిపిస్తుంది నాకు. అటు నుంచి ఇటు వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఓటు హక్కు కోసం జైలుకెళ్ళిన ఐర్లండ్ స్త్రీ మార్గరెట్ కజిన్స్ మా పక్కనే మదనపల్లెలో కాపురముంది. 1919లో టాగోర్ అక్కడికొచ్చినప్పుడు 'జనగణమన'కు స్వరం రాసింది. 1927లో అఖిల భారత మహిళా సభ ఏర్పాటుకు ముందు నిలిచింది. కాబట్టి ఐర్లండ్ మా ఊరికి మరీ అంత పరాయిదేమీ కాదు.

అయితే అందరి దారీ ఒకటే అనుకుంటే పొరపాటు. మర్ఫీ దారిపొడుగునా రాయబార కార్యాలయాలకు ముందే టైర్లు పంపుకోగలిగింది. తెల్లతోలు, పాస్‌పోర్టు ఆమెకు ముందు నడిచాయి. చాలాచోట్ల ఆమెను మగవాడనుకున్నారు. మగవాళ్ళ గదుల్లో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఆ టీ కాచిన ఆడవాళ్ళకు ఆ రోడ్డు ఎటు పోతుందో చూసే అవకాశం ఎక్కడిది?

సైకిల్‌తో మన ఆడవాళ్ళ చరిత్రలో పెద్ద రోజులు విదేశాల్లో లేవు. తమిళనాడు పుదుక్కోట్టైలో ఉన్నాయి. 1991లో మొదలైన అక్షరాస్యతా ఉద్యమం చదువుతోబాటు సైకిల్ కూడా నేర్పింది. 1992 మహిళా దినోత్సవం నాడు పదిహేను వందలమందికి పైగా ఆడవాళ్ళు సైకిళ్ళకు జెండాలు కట్టుకుని ఊరేగారు. ఆడవాళ్ళ సైకిళ్ళు చాలక మగవాళ్ళవే తొక్కారు. కడ్డీ ఉంటే దానిమీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చని వాళ్ళు కనిపెట్టారని పి. సాయినాథ్ రాశాడు. నన్ను ఒక పక్కకు వంచిన కడ్డీ అది. వాళ్ళు దాన్ని పిల్లకు సీటు చేశారు. ఇందులో గర్వపడాల్సిందీ ఉంది, బాధపడాల్సిందీ ఉంది. బస్సు కోసం, మొగుడి కోసం కాచుకునే పని తప్పింది. పిల్లను వదిలి తొక్కే తీరిక మాత్రం రాలేదు.

బీహార్‌లో 2006 నుంచి ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చారు. దానివల్ల హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారని కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్‌ల అధ్యయనం తేల్చింది. ఆంధ్రలో కూడా ఆ తర్వాత 'బడికొస్తా' పేరుతో ఇచ్చారు. పెద్దపిల్లలైన పిల్లలే మా కలికిరి రోడ్డు మీద సైకిల్ తొక్కుతుంటే చూసి నాకు కళ్ళు చెమర్చాయి.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మకు మర్ఫీ కథ చెప్పాను. మా అవ్వ తొమ్మిదేళ్ళు మంచంలో ఉంది. ఆ తొమ్మిదేళ్ళూ అమ్మ తిరుపతిలో కూడా ఒక రాత్రి నిద్ర చేయలేదు. అవ్వ పోయేనాటికి అమ్మకు యాభై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ తొమ్మిదేళ్ళలోనే నేను హైదరాబాదులో కూర్చుని పీహెచ్‌డీ పూర్తిచేసుకున్నాను. మంచు, తోడేళ్ళు, పిస్తోలు అన్నీ విన్నాక అమ్మ ఒకటే అడిగింది:

"ఆ యమ్మ వాళ్ళమ్మను ఎవురు చూసుకున్నారంట?"

"ఆమే. చచ్చిపోయిందాకా."

"అయితే పోనీలే మే, పోవాల్సిందే" అంది.

నా థీసిస్ నాలుగొందల పేజీల్లో ఈ ప్రశ్న ఒక్కచోట కూడా లేదు. ఎవరు ఎక్కడ బయలుదేరారో, ఎంత దూరం పోయారో రాశాను. ఎవరు ఆగిపోతే వాళ్ళు బయలుదేరారో రాయలేదు. నేను బయలుదేరడానికి ఆగిపోయిన మనిషి మా వంటింట్లోనే ఉంది. ఇప్పుడు ఆ పనిని మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను.