కదిలే వేళ్లు, కదలని వేళ్లు

1989లో అమెరికన్ సైకాలజిస్టు ఫ్రాన్సిన్ షపీరో ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. అత్యాచారం, లైంగిక హింస, వియత్నాం యుద్ధం మిగిల్చిన జ్ఞాపకాలతో ఏళ్ల తరబడి నలిగిపోతున్న 22 మంది అందులో పాల్గొన్నారు. ఆ జ్ఞాపకాన్ని మనసులో నిలుపుకొని, ఎదురుగా అటూ ఇటూ ఆడే వేళ్ల వెంట చూపు తిప్పమన్నారు. ఒక్క సిట్టింగ్‌లోనే బాధ దాదాపుగా పోయిందని ఫలితం చెప్పింది. 1987లో కాలిఫోర్నియాలోని ఒక పార్కులో నడుస్తుండగా తన కళ్లు చకచకా కదలడం, వేధిస్తున్న ఆలోచనలు పలచబడటం ఒకేసారి గమనించానని, పద్ధతికి మూలం అదేనని ఆమె చెప్పేవారు.

పుట్టుక కథ ముచ్చటగానే ఉంది గానీ సాక్ష్యంగా చాలదు. ఆ మొదటి అధ్యయనంలో చికిత్స కనిపెట్టినదీ, చేసినదీ, గుణం కనిపించిందో లేదో చూసినదీ ఒక్కరే. అయినా ఈఎండీఆర్ అన్న పేరుతో ఆ పద్ధతి దేశదేశాలకూ పాకింది. దాని మీద జరిగే వాదనలో రెండు ప్రశ్నలు ఎప్పుడూ కలగాపులగం అవుతుంటాయి. ఈ చికిత్స పనిచేస్తుందా అన్నది ఒకటి. పనిచేస్తే, ఆ పని చేస్తున్నది కళ్లేనా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు చాలావరకు దొరికింది. రెండోదానికి దొరికింది అరకొరే.

ముందుగా, చికిత్స గదిలో ఏం జరుగుతుందో చూద్దాం. రాత్రిపూట హైవే మీద లారీ గుద్దితే బతికి బయటపడ్డ మనిషి వచ్చాడనుకోండి. రాగానే వేళ్లు ఆడించరు. గతం అడుగుతారు, బాధ ముంచుకొస్తే తమాయించుకోవడం నేర్పుతారు. ఆ తర్వాత ఒక్క దృశ్యం ఎంచుకోమంటారు: మీదికొస్తున్న హెడ్‌లైట్లు. దానితోపాటు మనసులో నాటుకుపోయిన మాట: ‘నేనిక బతకను’. దాని స్థానంలో ఏ మాట నమ్మగలిగితే బాగుంటుంది? ‘ఆ గండం గడిచిపోయింది’. ఆ మాట మీద నమ్మకం ఎంతో 1 నుంచి 7 లోపు, బాధ ఎంతో 0 నుంచి 10 లోపు అంకె చెప్పాలి. ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో చెప్పాలి. థెరపిస్టు సరిగ్గా ఎదురుగా కాకుండా కాస్త పక్కకు జరిగి కూర్చుంటారు. ముఖానికి అడుగు దూరంలో రెండు వేళ్లు ఎడమకూ కుడికీ ఓ పాతిక సార్లు ఆడిస్తారు. ఆపి, ఊపిరి తీసుకోమని, ‘ఇప్పుడేం వస్తోంది?’ అని అడుగుతారు. డీజిల్ వాసన అనొచ్చు, అమ్మ ఫోన్ అనొచ్చు. వ్యాఖ్యానం ఉండదు, సలహా ఉండదు. ‘దాన్నే గమనించండి’ అని మళ్లీ వేళ్లు. బాధ అంకె సున్నాకు దగ్గరపడేదాకా, అవసరమైతే సిట్టింగ్ తర్వాత సిట్టింగ్, ఇదే వరస. జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పనక్కర్లేదు. నోరు విప్పడమే నరకమైన వాళ్లకు ఇది చిన్న వెసులుబాటు కాదు.

గుణం సంగతికి వస్తే, 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పీటీఎస్‌డీకి, అంటే ఘోరమైన అనుభవం తర్వాత వెంటాడే మానసిక రుగ్మతకు, ఈ చికిత్సను సిఫార్సు చేసింది. బ్రిటన్ మార్గదర్శకాలు 2018లో పెద్దవాళ్లకు ఒప్పుకుంటూనే, యుద్ధం వల్ల కలిగిన గాయాలను మినహాయించాయి. అమెరికా సైనిక, మాజీ సైనికుల వైద్య విభాగాలేమో 2023లో తమ వాళ్లకు దీన్ని గట్టిగానే సూచించాయి. అందుబాటులో ఉన్న పరిశోధనలు చాలావరకు అవే, తీర్పులు మాత్రం వేరు. సాక్ష్యం నాణ్యత ఎలా ఉందో దీన్నిబట్టే ఊహించవచ్చు. 2020లో పిమ్ కైపర్స్ బృందం 76 ట్రయల్స్‌ను కలిపి చూసింది. చికిత్స లేనివాళ్లతో పోలిస్తే పీటీఎస్‌డీలో మేలు పెద్దదే. కానీ పక్షపాతం చొరబడే అవకాశం తక్కువగా ఉన్న ట్రయల్స్ కొన్నే. మిగతా థెరపీల కంటే ఇది కాస్త మెరుగన్న ఫలితం, ఆ కాసిన్ని మంచి ట్రయల్స్ వరకే చూస్తే నిలబడలేదు. నా లెక్కలో ఇది ఈ చికిత్సకు అపజయం కాదు. బాగా పరీక్షకు నిలిచిన పద్ధతుల సరసన ఇదీ ఒకటి, అంతవరకే.

ఇక కళ్లు. 2001లో డేవిడ్‌సన్, పార్కర్ 34 అధ్యయనాలు కలిపి చూసి, కళ్లు తిప్పడం వల్ల అదనంగా ఒరిగిందేమీ కనిపించలేదన్నారు. 2013లో లీ, కైపర్స్ 26 అధ్యయనాలతో అదే లెక్క మళ్లీ వేస్తే మధ్యస్థంగా అదనపు మేలు కనిపించింది. ఈ రెంటినీ విడదీసి చూడటానికి నాకు బాగా పనికొచ్చినది 2016లో జర్మనీ నుంచి వచ్చిన ట్రయల్. మార్టిన్ సాక్ బృందం 139 మంది రోగులను మూడు గుంపులు చేసింది. ఒక గుంపు కదిలే చేతిని చూసింది. రెండోది కదలని చేతిని చూసింది. మూడోదానికి చూపు నిలపడానికి ఏమీ ఇవ్వలేదు. మూడు గుంపులకూ గుణం కనిపించింది. చేతిని చూసిన రెండు గుంపులూ మూడోదాని కంటే మెరుగయ్యాయి. అయితే కదిలే చేతికీ కదలని చేతికీ తేడా లేదు! అంటే పనిచేస్తున్నది కదలిక కాకపోవచ్చు. బాధలోకి పూర్తిగా మునిగిపోకుండా ధ్యాసలో ఒక పాలు బయట కట్టిపడేయడమే కావచ్చు.

ప్రయోగశాలల నుంచి వచ్చిన వివరణ కూడా ఇటే మొగ్గుతోంది. అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకునే జ్ఞాపకశక్తికి చోటు తక్కువ. రెండు పనులు ఒకేసారి పెడితే, మనసులోని బొమ్మ రంగు వెలుస్తుంది. కళ్లు పైకీ కిందికీ తిప్పినా అది వెలుస్తుంది కాబట్టి, కుడి ఎడమ మెదళ్ల సమన్వయం అన్న పాత వివరణ నిలవడం కష్టం. లెక్కలు చేయించినా వెలుస్తుంది. ఇందులో కొంచెం కలవరపెట్టే సంగతి ఉంది: తీపి జ్ఞాపకం తలచుకుంటూ కళ్లు తిప్పితే, అదీ వెలిసిపోతుంది. ఈ తంతుకు మంచీ చెడూ తెలియవు. 2019లో నేచర్ పత్రికలో వచ్చిన దక్షిణ కొరియా అధ్యయనం, ఎలుకల కళ్లముందు వెలుగును అటూ ఇటూ ఆడించి, భయం తగ్గడానికి మెదడులో ఒక దారి ఉందని చూపింది. పని చక్కనిదే. కానీ ఎలుక భయపడింది చిన్న విద్యుత్ షాక్‌కు. మనిషి భయానికి పరువు, సిగ్గు, ‘తప్పు నాదేనా’ అన్న శంక తోడవుతాయి.

వెలుగు ఆడించే పరికరాలూ, చేతుల్లో వణికే బుల్లి బిళ్లలూ కొనమనే ప్రకటనలు చూసినప్పుడు ఇదంతా గుర్తుంచుకోవాలి. తేడా తెచ్చేది పరికరమన్న సాక్ష్యం నాకు కనబడలేదు. జ్ఞాపకాన్ని తట్టుకోగలిగే మోతాదులో ముందుకు తెచ్చి, పక్కన నిలబడే మనిషి నేర్పు మీదే నా నమ్మకం ఎక్కువ. ఘటన మీదే దృష్టి పెట్టే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ చేసేవాళ్లు దగ్గర్లో ఉంటే, కళ్ల చికిత్స కోసం వేరే ఊరు వెతుక్కుంటూ పోనక్కర్లేదు.

మన దగ్గర సమస్య అసలు ఆ మనిషి దొరకడమే. 2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. థెరపిస్టు దొరికితే మొదట అడగాల్సింది, క్లినికల్ సైకాలజిస్టుగా భారత పునరావాస మండలిలో నమోదు ఉందా అని. ఆ తర్వాతే ఈఎండీఆర్ శిక్షణ ఎక్కడ పొందారన్నది. వీడియో పెట్టుకుని ఇంట్లో ఒంటరిగా ప్రయత్నించడం మంచిది కాదు. ఉన్నట్టుండి తనలో తాను లేనట్టయిపోయేవాళ్లకు, చచ్చిపోవాలనిపించేవాళ్లకు అది మరీ ప్రమాదం. అలాంటప్పుడు 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ కౌన్సెలర్లు తెలుగులోనే మాట్లాడతారు, పగలూ రాత్రీ.