నాచు చెప్పే నీటి జాడ: పడమటి మండలాల బండలు, వీడియోగేముల రాళ్లు

వీడియోగేములో పాడుబడ్డ కోటను చూపించాలంటే చిత్రకారులు ముందుగా దాని రాళ్లకు పచ్చటి నాచు పట్టిస్తారు. అక్కడ నాచు వయసుకు గుర్తు. పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో, అంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో, బండ మీది నాచు వయసును చెప్పదు. నీళ్లు నడిచిన దారిని చెబుతుంది. ఈ తేడా ఎందుకు వచ్చిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు మాటల సంగతి. చెరువులో తేలేదాన్నీ నాచు అంటాం, రాతికి పట్టిన మొక్కనూ నాచు అంటాం. తొట్టి గోడకు పట్టేది పాచి. మెట్ల మీద కాలు జార్చేది పాకుడు. బిర్యానీలో వేసే రాతిపువ్వు వీటిలో ఏదీ కాదు. అది లైకెన్, శిలీంధ్రమూ శైవలమూ కలిసి కాపురం చేసే జీవి. వృక్షశాస్త్రం బ్రయోఫైటా వర్గంలో చేర్చే అసలు మొక్కకు విడిగా వాడుక పేరు స్థిరపడలేదు, పాఠ్యపుస్తకాలు ‘మాస్’ అనే రాసుకున్నాయి. ఈ వ్యాసంలో నాచు అంటే ఆ మొక్కే. వీటిలో పాకుడు అన్నది నాకు విలువైన మాట. అది జీవి పేరు కాదు, జారే గుణానికి పెట్టిన పేరు. రావూరి భరద్వాజ సినిమా లోకం మీద రాసిన నవల పేరు ‘పాకుడురాళ్లు’లో వినిపించేది ఆ గుణమే. 2017లో నింటెండో విడుదల చేసిన ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ గేములో వాన పడితే కొండ ఎక్కుతున్న వీరుడు పట్టు తప్పి కిందికి జారతాడు. ఆ గేము నాచు రంగును మించి తడిరాతి గుణాన్ని పట్టుకుంది.

ఇక మన బండలు. ఇవి సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, నైస్ శిలలు. హార్స్‌లీ హిల్స్‌లో, అంటే మన ఏనుగు మల్లమ్మ కొండ మీద, గాలిబండ ఎక్కి చూస్తే బండ నడినెత్తిన నాచు వెతకాల్సిందే. అక్కడ ఎండ కాల్చేస్తుంది, గాలి ఆరబెట్టేస్తుంది. నాచు ఉండేది పగుళ్లలో, దొనల అంచుల్లో, గుండు కింద నీడలో, ఊట జారే చోట. బండల మీంచి కిందికి దిగే నల్లటి చారలను మనం మరకలనుకుంటాం. అవి చాలావరకు సయనోబాక్టీరియా పొరలు, వాననీటి బాటలు.

నాచుకు వేళ్లు లేవు. రాతిని పట్టుకోవడానికి సన్నని నూగు మాత్రం ఉంటుంది. నీళ్లను ఆకుతోనే తాగుతుంది, ఆ ఆకు చాలా జాతుల్లో ఒకే కణమంత మందం. అందుకే గాలి ఎండితే అదీ ఎండుతుంది, కానీ చావదు. మన దేశమంతటా గోడల మీదా రాళ్ల మీదా పెరిగే హయోఫిలా ఇన్వొల్యూటా అనే నాచు ఎండాకాలంలో ఆకులను లోపలికి చుట్టుకుని నల్లగా, చచ్చినట్టు కనిపిస్తుంది. చెంబుడు నీళ్లు పోస్తే నిమిషాల్లో విచ్చుకుని పచ్చబడుతుంది. పలమనేరు–కుప్పం దారిలోని కైగల్ జలపాతం దగ్గర, ఊరివాళ్లు దుముకురాళ్లు అనే చోట, తుంపర అందినంత మేర రాయి పచ్చగా ఉంటుంది. నాలుగడుగులు దూరం జరిగితే అదే రాయి బూడిదరంగు.

గేముల్లో జరిగేది వేరు. రాతి ముఖం ఎటు తిరిగి ఉందో కంప్యూటరు లెక్కగడుతుంది, ఆకాశం వైపు తిరిగిన చోటల్లా నాచు రంగు కలుపుతుంది. తేమ ఎక్కువగా ఉండే చలిదేశపు అడవిలో ఇది చాలావరకు సరిపోతుంది. మన గుండు మీద ఆ లెక్క తలకిందులు. ఉత్తరం వైపే నాచు పడుతుందన్న చలిదేశపు సూత్రమూ ఇక్కడ సగమే నిజం. 13 డిగ్రీల అక్షాంశం దగ్గర ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు, నవంబరు నాటికి దక్షిణానికి జరిగి ఉంటాడు, ఉత్తరపు ముఖానికి నీడ దొరికేది అప్పుడే. దిక్కు కంటే చెట్టు నీడ, ఊట, పగులు ముఖ్యం.

2021లో ‘మైన్‌క్రాఫ్ట్’లోకి నాచు దిమ్మె వచ్చింది. దాని మీద ఎముకల పొడి చల్లితే చుట్టూ ఉన్న రాళ్లు క్షణంలో నాచుగా మారతాయి. నిజమైన నాచులో పురుషబీజం నీటి పొరలో ఈదుకుంటూ వెళ్లి స్త్రీబీజాన్ని చేరాలి. ఆ పొర లేకపోతే సంయోగం లేదు. వేగం ఆటకు అవసరమే, కాదనను. నీళ్ల ప్రస్తావనే లేకపోవడం మాత్రం లోపమని నా అభిప్రాయం.

రాతి మీద పచ్చగా కనిపించేదంతా నాచు కాదు. కుప్పం గనుల రాతికి ‘కుప్పం గ్రీన్’ అని వ్యాపారనామం ఉంది. ఆ పచ్చదనం ఖనిజాలది, నాచుది కాదు. నున్నగా పాలిష్ చేసిన ఆ పలక మీద నాచుకు సులువుగా పట్టు దొరకదు.

ఈ ఊళ్ల నుంచి బెంగళూరు వెళ్లి గేములు తయారుచేస్తున్న యువతకు ఒక విన్నపం. కార్తీకంలో ఒకసారి, వైశాఖంలో మరోసారి ఒకే బండ దగ్గర, ఒకే చోట నిలబడి ఫొటో తీయండి. మీ గేములో రాయికి రంగు వేసేటప్పుడు ఆ రెండు ఫొటోలనూ ఎదురుగా పెట్టుకోండి.