తెరపై నిఘా రాజ్యం: తూర్పు జర్మనీ అనుభవం

ఈ భాగం చదివిన తర్వాత మీరు తూర్పు జర్మనీలోని నిఘా వ్యవస్థ వ్యక్తిత్వాన్ని ఎలా అణచివేసిందో వివరించగలుగుతారు. ఒక చలనచిత్రాన్ని చారిత్రక ఆధారంగా ఎంతవరకు వాడుకోవచ్చో నిర్ణయించగలుగుతారు.

1. చారిత్రక నేపథ్యం

రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత సోవియట్ సేనల అధీనంలో ఉన్న ప్రాంతంలో 1949లో జర్మన్ డెమోక్రటిక్ రిపబ్లిక్ ఏర్పడింది. మరుసటి సంవత్సరం దాని రహస్య పోలీసు వ్యవస్థ 'స్టాసీ' ప్రారంభమైంది. 1989 నాటికి సుమారు 1 కోటి 60 లక్షల జనాభాకు స్టాసీలో దాదాపు 91,000 మంది ఉద్యోగులు, 1,70,000కు పైగా రహస్య ఇన్ఫార్మర్లు ఉండేవారు. ఇన్ఫార్మరు సహోద్యోగి కావచ్చు, పొరుగువాడు కావచ్చు, ఒక్కోసారి కుటుంబసభ్యుడే కావచ్చు. అరెస్టు చేయకుండానే మనిషిని కుంగదీసే పద్ధతులను 1976 నాటి ఒక ఆదేశం క్రమబద్ధం చేసింది. వదంతులు పుట్టించడం, ఉద్యోగంలో ఎదగనీయకపోవడం, స్నేహితుల మధ్య అనుమానాలు రేపడం వీటిలో ముఖ్యమైనవి.

2. చిత్రంలో కనిపించే సమాజం

ఫ్లోరియన్ హెంకెల్ ఫాన్ డోనర్స్‌మార్క్ దర్శకత్వంలో 2006లో వచ్చిన 'ద లైవ్స్ ఆఫ్ అదర్స్' కథ 1984లో మొదలవుతుంది. నాటక రచయిత డ్రైమన్ ఇంట్లో స్టాసీ అధికారి వీస్లర్ రహస్యంగా మైకులు అమర్చుతాడు. అది ఎదురింటి స్త్రీ చూస్తుంది. ఒక్క మాట బయటపెట్టినా కూతురికి విశ్వవిద్యాలయంలో సీటు పోతుందని వీస్లర్ ఆమెను బెదిరిస్తాడు. ఇక్కడ ఆయుధం తుపాకీ కాదు, ఒక విద్యార్థిని చదువు అని గుర్తించండి. మరో సన్నివేశంలో దేశాధినేత హోనెకర్‌పై జోకు చెప్పిన చిరుద్యోగి తర్వాత నేలమాళిగలో ఉత్తరాల కవర్లు తెరిచే పనిలో కనిపిస్తాడు. అంటే ఈ వ్యవస్థ నిఘాకు గురైనవారితో పాటు నిఘా పెట్టినవారి వ్యక్తిత్వాన్నీ హరించింది. వీస్లర్‌కు తనదంటూ జీవితమే లేదు. ఇతరుల జీవితాన్ని వింటూ బతుకుతాడు.

3. చిత్రానికీ చరిత్రకూ మధ్య దూరం

కథలో వీస్లర్ మనసు మార్చుకుని, తప్పుడు నివేదికలు రాసి రచయితను కాపాడతాడు. దీనిపైనే విమర్శ వచ్చింది. ఒకప్పటి స్టాసీ కారాగారమైన హోహెన్‌షోన్‌హౌసెన్‌లోని స్మారక సంస్థ సంచాలకుడు హుబర్టస్ క్నాబే అక్కడ చిత్రీకరణకు అనుమతి నిరాకరించారు. స్టాసీ అధికారిని కథానాయకుడిగా చూపడం ఆయన అభ్యంతరం. పని ముక్కలుగా పంచి, ఒకరిపై మరొకరిని కాపలా ఉంచే సంస్థలో ఒక్క అధికారి ఇంత దాచగలగడం నమ్మశక్యం కాదని కూడా విమర్శకులు అన్నారు.

అయినా ఈ చిత్రం మనకు పనికిరాకుండా పోదు. భయం ఇంటి లోపలికి ఎలా చేరిందో గణాంకాలు చెప్పలేవు, చిత్రం చెప్పగలదు. బాధితులను ఎంతమంది అధికారులు కాపాడారన్న ప్రశ్నకు మాత్రం దస్త్రాలనే ఆశ్రయించాలి. 1992 నుంచి పౌరులు తమపై స్టాసీ రాసిన దస్త్రాలను చదువుకోగలిగారు. తమ గురించి సమాచారం ఇచ్చినది ఆప్తులేనని పలువురికి అప్పుడే తెలిసింది.

4. సారాంశం

వ్యక్తిత్వం జైలులోనే నశించదు. మాట్లాడే ముందు ఎవరు వింటున్నారోనని ఆలోచించడం అలవాటైన చోట కూడా నశిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఈ చిత్రంలోని ఏ అంశాలను చారిత్రక ఆధారంగా స్వీకరిస్తారు? వేటిని కల్పనగా భావిస్తారు? కారణాలతో రాయండి.