బహుమతి లేని బొమ్మ: బాల్యంలో కళాభ్యాసానికి ఆధారం ఏది?

బడిలో చిత్రలేఖనం, సంగీతం, నాటకం ఎందుకుండాలని అడిగితే వాటిని సమర్థించేవారు సాధారణంగా రెండు జవాబులు చెబుతారు. కళలు నేర్చిన పిల్లలకు మిగతా చదువులోనూ మార్కులు పెరుగుతాయన్నది ఒకటి. పోటీల్లో బహుమతులు గెలిచి బడికీ తల్లిదండ్రులకూ పేరు తెస్తారన్నది రెండోది. మంచి ఉద్దేశంతోనే చెప్పినా, ఈ రెండు జవాబులూ పిల్లల కళాభ్యాసానికి మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. నిదానించి చూడడం, లేనిదాన్ని ఊహించడం, పొరపాటును తానే పట్టుకుని దిద్దుకోవడం పిల్లలకు అలవడేది చేస్తున్న పనిమీద మనసు నిలిచినప్పుడే. మార్కూ బహుమతీ ముందే ఎదురుగా నిలబడితే ఆ మనసు పని మీదినుంచి పక్కకు మళ్లుతుంది.

బహుమతి సంగతి ముందు చూద్దాం. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశుపాఠశాలలో చేసిన ప్రయోగం ఈ చర్చకు ఆయువుపట్టు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే ముందునుంచీ ఇష్టమున్న 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు 51 మందిని వాళ్లు ఎంచుకున్నారు. బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న ప్రశంసాపత్రం ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. కొందరికి ముందు చెప్పకుండా, వేశాక ఇచ్చారు. మిగిలినవాళ్లకు ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాలు గడిచాక అవే పెన్నులు తరగతిలో పెట్టి, ఇష్టమున్నవాళ్లు తీసుకోవచ్చన్నట్టుగా వదిలేసి గమనించారు. ప్రశంసాపత్రం కోసం ఒప్పుకుని బొమ్మలు వేసిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సమయమే వాటితో గడిపారు. ఒప్పందం మీద వేసిన బొమ్మల నాణ్యత కూడా తక్కువగానే తేలింది. చెప్పకుండా ప్రశంసాపత్రం అందుకున్న పిల్లల ఇష్టం మాత్రం తగ్గలేదు. అంటే మెచ్చుకోవడంలో దోషం లేదు. ఇది చేస్తే అది ఇస్తామనే బేరంలోనే ఉంది. మన బడుల్లో చాలాచోట్ల రంగుపెన్సిళ్లు బయటికొచ్చేదే స్వాతంత్ర్య దినోత్సవానికో బాలల దినోత్సవానికో పెట్టే పోటీ నాడు. అంటే చాలామంది పిల్లలకు కళతో తొలి పరిచయమే బేరంగా జరుగుతోంది.

మార్కుల వాదానికి ఉన్న పునాది ఇంకా బలహీనమైనది. కళావిద్య పరిశోధకులు ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్‌లాండ్ 1950 నుంచి వచ్చిన అధ్యయనాలను పోగుచేసి, జల్లెడపట్టి, 2000 సంవత్సరంలో ఫలితాలు ప్రకటించారు. కళలకు చోటిచ్చిన చదువువల్లనే మార్కులు పెరుగుతాయనడానికి నమ్మదగిన రుజువు వాళ్లకు దొరకలేదు. తరగతిగదిలో నాటకాలు ఆడిన పిల్లల భాషాసామర్థ్యం పెరగడం వంటి కొన్ని పరిమిత ఫలితాలే గట్టిగా నిలిచాయి. ఇద్దరూ కళావిద్యను కోరేవారే కాబట్టి వారి నిజాయతీకి విలువ ఎక్కువ. కళను లెక్కలకు ఊతకర్రగా నిలబెడితే, లెక్కల మార్కులు పెరగని రోజున కళనే తీసివేయమంటారని వాళ్లు సరిగానే హెచ్చరించారు. తరవాత 2007లో సహరచయితలతో కలిసి తెచ్చిన పుస్తకంలో వాళ్లు ప్రశ్ననే మార్చారు. కళా తరగతిలో నిజంగా ఏం నేర్పుతున్నారని బోస్టన్ ప్రాంతపు పాఠశాలల్లో పరిశీలించారు. విడవకుండా పని చేయడం, మనసులో రూపు కట్టుకోవడం, చేసినదాన్ని మళ్లీ ప్రశ్నించుకోవడం వంటి అలవాట్లు అక్కడ కనిపించాయి.

ఈ అలవాట్లు ఎలా పట్టుబడతాయో చూడడానికి మన వాకిలి చాలు. 9 చుక్కలు, మధ్య చుక్కలతో 5 వచ్చేవరకు అనే ముగ్గునే తీసుకోండి. నడుమ వరుసలో 9, దానికి అటూ ఇటూ 8, 7, 6, 5 చొప్పున పెడితే మొత్తం 61 చుక్కలవుతాయి. చిన్న వరుసలోని ప్రతి చుక్కా పక్కనున్న పెద్ద వరుసలోని రెండు చుక్కల సందులోకి రావాలి. ఒక్క చుక్క జరిగిందా, నాలుగు గీతల తరవాత పువ్వు రేక వంకర తిరుగుతుంది. ఆ తప్పు చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు, గీసే పిల్లకే కనిపిస్తుంది. అక్కడ చెరపాలా, లేక వంకరను కలుపుకుని కొత్త మెలిక తిప్పాలా అన్న నిర్ణయం ఆమెదే. అమ్మను చూసి అనుకరించడంతో మొదలైన పని ఇక్కడే సృజన అవుతోంది. సంక్రాంతి పోటీలను పక్కన పెడితే, రోజూ వేసే ముగ్గుకు బహుమతీ లేదు, మార్కూ లేదు. ఈ శిక్షణ ఆడపిల్లలకే దక్కి, మగపిల్లలకు అందకపోవడం మన ఇళ్లలోని పెద్ద లోటు.

నేర్పితే సృజన చచ్చిపోతుంది, పిల్లలను వాళ్ల మానాన వదిలేయాలి అనే అభ్యంతరానికి కూడా ఈ ముగ్గులోనే జవాబుంది. 1930లో సోవియట్ మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ విగోట్‌స్కీ ఊహకు ముడిసరుకు అనుభవమేనని వాదించాడు. పెద్దలకన్నా పిల్లల అనుభవం తక్కువ కాబట్టి వాళ్ల ఊహ కూడా పెద్దల ఊహంత సంపన్నం కాదన్నాడు. పిల్లలందరూ పుట్టుకతోనే కళాకారులనే తీపిమాటకన్నా ఈ కటువైన మాట మనకు ఎక్కువ ఉపయోగపడుతుంది. ఎందుకంటే ఇది పెద్దల మీద బాధ్యత పెడుతుంది. చూడడానికి, వినడానికి, తాకడానికి మనం ఏం అందిస్తున్నామన్నదే అసలు ప్రశ్న. న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అంటే రేడియో అన్నయ్య, అక్కయ్య, ఈ పని చేసి చూపించారు. 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టి, పిల్లల చేతనే పాటలు పాడించారు, నాటకాలు ఆడించారు. 1945లో వాళ్ల కోసం ‘బాల’ పత్రికను మొదలుపెట్టారు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటుంది: తెలుగు వాక్యం తడుముకోకుండా చదవలేని పిల్లలు ఇంతమంది ఉండగా బొమ్మలూ పాటలూ ఎందుకు? 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్ భారత్ లక్ష్యం కూడా మూడో తరగతికల్లా చదవడం, లెక్కలు రావాలనే. ఆ తొందర న్యాయమైనదే. కానీ కళను బడి నుంచి తీసేస్తే కలిగినవాళ్ల పిల్లలకు పోయేదేమీ లేదు. వాళ్లు సాయంత్రం సంగీతానికో కూచిపూడికో డబ్బు కట్టి వెళతారు. బడి తప్ప మరో దారి లేని కూలీల పిల్లలకే ఆ తలుపు మూసుకుపోతుంది. మార్కులు లేకపోతే ఎవరూ పట్టించుకోరనే మాటకూ జవాబుంది. ఏడాది పొడవునా వేసిన బొమ్మలను ఒక ఫైలులో దాచి, మొదటిదానికీ చివరిదానికీ ఏం మారిందో పిల్లల చేతనే చెప్పిస్తే గ్రేడుకన్నా ఎక్కువే తెలుస్తుంది. అయితే వినడానికి ఒక ఉపాధ్యాయుడు కావాలి.

చిక్కంతా అక్కడే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాల్సింది 6 నుంచి 8 తరగతులకే, అదీ 100 మందికి పైగా పిల్లలున్న చోటే. చేతికి పట్టు, కంటికి నిలకడ కుదిరే ఒకటి నుంచి ఐదు తరగతుల వయసును ఈ నిబంధన వదిలేసింది. చిన్న పల్లెల బడులనూ వదిలేసింది. పోటీలకూ వార్షికోత్సవాలకూ పెట్టే శ్రద్ధను రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు ఇటు మళ్లించాలి. ఒక్కో బడికి ఒక్కొక్కరిని ఇవ్వలేకపోతే నాలుగైదు ప్రాథమిక పాఠశాలలకు కలిపి ఒక కళా ఉపాధ్యాయుణ్ణి నియమించి, వారానికి రెండు పీరియడ్లు టైంటేబుల్‌లో కేటాయించి, ఆ పీరియడ్లను లెక్కల మాస్టారికి అప్పగించకుండా కాపాడాలి.