నాగార్జునకొండ ఓవరకములు

ఇల్లనగానే మనకు తల్లిదండ్రులు, పిల్లలు, వంటయిల్లు తోచును. ఒక్కరు ఉండుటకై పూర్వులు కట్టిన గది ఎట్టిదో తెలియవలెనన్న పల్నాటిలో మాచర్లకు చేరువనున్న నాగార్జునకొండకు పోవలెను.

క్రీస్తుశకము మూడవ శతాబ్దమున అచ్చట ఇక్ష్వాకుల విజయపురి వెలసినది. బౌద్ధ విహారములలో నడుమ రాతి కంబముల మండపము, చుట్టును భిక్షువుల చిన్న గదుల వరుసలు. నిద్రకును ధ్యానమునకును గది. భోజనము, పఠనము ఉమ్మడి. కనుకనే అంత చిన్న గది చాలినది.

వీరపురుషదత్తుని 14వ యేట ఉపాసిక బోధిశ్రీ చెక్కించిన ప్రాకృత శాసనమున ఈ గదికి ‘ఓవరకము’ అని పేరు. మన ‘ఓవరి’ దానికి చుట్టమే. ఆమె తన దానములను లెక్క చెప్పినది: మహాధర్మగిరిలో 1, హిరుముఠువలో 3, పాపిలలో 7 ఓవరకములు. ఆ పుణ్యమును భర్తకు, తల్లిదండ్రులకు, తోబుట్టువులకు పంచినది. ఇల్లు విడిచినవారికి గదులు కట్టించినది ఒక ఇల్లాలు!

1954 నుండి 1960 వరకు అచ్చట విరివిగా త్రవ్వకములు జరిగినవి. పిదప ఆ లోయ నాగార్జునసాగర్ నీట మునిగినది. కొన్ని కట్టడములను కొండపైనను, అనుపులోను తిరిగి కూర్చిరి. అటు పోయినపుడు మనము ఒక గది పునాదిలో క్షణము నిలుతము. ఒక్కరికి ఎంత చోటు చాలునో, ఆ చోటు కల్పించుటకు ఎందరు కావలెనో తెలియును.